ఇంట్లో పూల మొక్కకు కుండీ మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కుండీ మార్చిన కొద్ది రోజులకే మొక్క చనిపోతే, చాలాసార్లు తప్పు దాన్ని బయటికి తీయడంలో ఉండదు. మరీ పెద్ద కుండీ, బిగుసుకుపోయే మట్టి, ఆ తర్వాత పోసిన నీళ్లు: దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటే కారణం. వేళ్లకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. కుండీ మార్చడమంటే ముఖ్యంగా ఆ గాలిని తిరిగి ఇవ్వడం. కింది జవాబులు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే, ఇక్కడ పేరు చెప్పని మొక్కకు కూడా ఏం చేయాలో మీకే తోస్తుంది.

కుండీ మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

తీసి చూడడమే నమ్మదగిన పద్ధతి. మట్టి కొద్దిగా తడిగా ఉన్నప్పుడు కాండం మొదలును రెండు చేతివేళ్ల మధ్య ఉంచి, అరచేతిని మట్టికి ఆనించి, కుండీని బోర్లించి అంచు మీద తట్టండి. మట్టి మొత్తం ముద్దగా ఊడి వస్తుంది. వేళ్లు అక్కడక్కడా మాత్రమే కనిపిస్తే అలాగే తిరిగి పెట్టేయండి, మొక్కకు ఏమీ కాదు. మట్టి కనిపించనంత దట్టంగా వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటే మార్చాలి.

బయటి గుర్తులూ ఉన్నాయి. పోసిన నీళ్లు ఆగకుండా అడుగు నుంచి కారిపోవడం, ఇదివరకు నాలుగైదు రోజులు ఆగిన మొక్క నీళ్లు పోసిన మర్నాడే వాడిపోవడం, కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నగా రావడం. అడుగు కన్నంలోంచి ఒకటి రెండు వేళ్లు బయటికి వచ్చినంత మాత్రాన తొందరపడనక్కర్లేదు. తేమను వెతుక్కుంటూ అవి ఎలాగైనా వస్తాయి.

ఇంకో పరిస్థితిని చాలామంది గమనించరు. వేళ్లు నిండకపోయినా మట్టి ముసలిదైపోతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), కంపోస్ట్ కుళ్లి పొడిపొడిగా మారి, ఖాళీలు మూసుకుపోతాయి. నీళ్లు పోస్తే పైనే నిలబడతాయి, పులిసిన వాసన వస్తుంది, పైన తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అలాంటప్పుడు పెద్ద కుండీ అక్కర్లేదు. అదే కుండీలో మట్టి మార్చితే చాలు.

ఎన్నాళ్లకోసారి మార్చాలి?

పీస్ లిల్లీ, ఆంథూరియం, బిగోనియాలకు ఏడాది నుంచి రెండేళ్లు. ఆఫ్రికన్ వయొలెట్‌కు 6 నుంచి 12 నెలలు. బెరడు ముక్కల్లో పెరిగే ఆర్కిడ్‌కు ఏడాదిన్నర, రెండేళ్లు. క్రిస్మస్ కాక్టస్, హోయా, అమరిల్లిస్, క్లైవియాలను మూడు నాలుగేళ్లు కదపకపోయినా ఫర్వాలేదు.

ఏ కాలంలో మార్చాలి? పూలతో ఉన్నప్పుడు మార్చవచ్చా?

చలి తగ్గి మొక్క కొత్త చిగుళ్లు వేసే సమయం అన్నిటికంటే మంచిది. తెగిన వేళ్ల స్థానంలో కొత్తవి వారం పది రోజుల్లో మొదలవుతాయి. చలికాలంలో పెరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి తెగిన వేళ్లు మానకముందే తడి మట్టిలో కుళ్లిపోయే ప్రమాదం ఉంది. మండుటెండల కాలంలోనైతే ఆకులు కోల్పోయే నీటిని దెబ్బతిన్న వేళ్లు అందించలేవు.

మొగ్గలు, పూలు ఉన్నప్పుడు కదిపితే మొగ్గలు రాలిపోతాయి. పూత అయ్యాక మార్చండి. మందార, బిగోనియాలాగా ఏడాది పొడవునా పూసేవైతే ఒక విడత పూలను, మొగ్గలను తుంచేసి మార్చాలి. వేళ్లు కుళ్లుతున్నాయని అనుమానం వస్తే మాత్రం కాలం, పూత ఏదీ చూడకండి, ఆ రోజే తీయండి.

ఎంత పెద్ద కుండీ తీసుకోవాలి?

ఇప్పుడున్నదానికంటే అడ్డకొలత ఒక అంగుళం నుంచి రెండు అంగుళాలు ఎక్కువ. అంతకు మించి వద్దు. 4 అంగుళాల కుండీ నుంచి 5కి, 6 నుంచి 7కి లేదా 8కి.

"ఒకేసారి పెద్దది పెడితే మళ్లీ మళ్లీ మార్చే పని తప్పుతుంది కదా" అనేది సహజంగా వచ్చే ఆలోచన. కానీ కుండీ అడ్డకొలత, ఎత్తు కలిసి పెరిగినప్పుడు అందులో పట్టే మట్టి చాలా వేగంగా పెరుగుతుంది. 6 అంగుళాల నుంచి 8కి వెళ్తే మట్టి రెండు రెట్లు దాటుతుంది. 10కి వెళ్తే నాలుగున్నర రెట్లు. వేళ్లు మాత్రం పాతవే. అవి తాగలేని నీరంతా ఆ అదనపు మట్టిలో రోజుల తరబడి నిలిచిపోతుంది, గాలి ఉండాల్సిన ఖాళీలను నింపేస్తుంది. గాలి అందక బలహీనపడిన వేళ్లను పిథియం, ఫైటాఫ్తోరా లాంటి నీటి బూజులు పట్టుకుంటాయి. పైన మట్టి పొడిగా కనిపిస్తూ అడుగున బురదగా ఉండడం ఇలాంటి కుండీల్లోనే ఎక్కువ.

ఎత్తు విషయంలో: ఆఫ్రికన్ వయొలెట్, బిగోనియా, క్రిస్మస్ కాక్టస్ వేళ్లు లోతుకు పోవు. వాటికి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న కుండీ నప్పుతుంది. ఆఫ్రికన్ వయొలెట్‌కు ఒక సులువైన లెక్క ఉంది: ఆకుల చుట్టు ఎంత వెడల్పు ఉంటే అందులో మూడో వంతు కుండీ. ఆకులు 24 సెం.మీ. విస్తరిస్తే 8 సెం.మీ. కుండీ.

నీరు బాగా పోవడానికి అడుగున గులకరాళ్లు వేయాలా?

వద్దు. ఈ అలవాటు చాలా పాతది, మంచి ఉద్దేశంతో చేసేదే, కానీ ఫలితం తలకిందులవుతుంది. నీరు సన్నటి ఖాళీలున్న మట్టిలోంచి పెద్ద ఖాళీలున్న రాళ్లలోకి అంత తేలిగ్గా దిగదు. పై మట్టి పూర్తిగా నానిపోయే దాకా ఆ సరిహద్దు దగ్గరే ఆగుతుంది. తడిసిన స్పాంజిని పట్టుకుంటే నీరు కారడం ఆగాక కూడా దాని కింది అంచు నిండుగా తడిగా ఉంటుంది చూడండి, ప్రతి కుండీ అడుగునా అలాంటి తడి పొర ఒకటి ఉంటుంది. రాళ్లు వేస్తే ఆ పొర పోదు, పైకి జరిగి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. పైగా మట్టికి చోటు తగ్గుతుంది.

మట్టి జారిపోకుండా కన్నం మీద చిన్న దోమతెర ముక్కో, కాఫీ ఫిల్టర్ కాగితమో చాలు. కన్నం లేని కుండీలో రాళ్లు వేసి సర్దుకోవడం కుదరదు. కన్నం వేయండి, లేదా కన్నాలున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి దాన్ని ఆ అందమైన కుండీలో దించండి.

మట్టి మిశ్రమం ఎలా కలపాలి?

తోట మట్టి ఒక్కటే వాడకూడదు. నేలలో వానపాములు, వేళ్లు, పురుగులు మట్టిని గుల్లగా ఉంచుతాయి. కుండీలో ఆ పని చేసేవారు ఉండరు, నాలుగు తడులకే అది ఇటుకలా బిగుసుకుంటుంది.

పీస్ లిల్లీ, బిగోనియా, మందార లాంటివాటికి: కోకోపీట్ 2 పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజ గుళికలు) 1 పాలు, వర్మీకంపోస్ట్ 1 పాలు. 8 అంగుళాల కుండీకి 4 నుంచి 5 లీటర్ల మిశ్రమం పడుతుంది. అంటే 2 లీటర్ల కోకోపీట్, లీటరు పెర్లైట్, లీటరు వర్మీకంపోస్ట్‌తో మొదలుపెట్టండి. 5 లీటర్లకు రెండు టేబుల్ స్పూన్ల వేపపిండి కలపవచ్చు. ఎక్కువ వేస్తే తడికి బూజు పడుతుంది.

ఆంథూరియంకు: ఒక సెంటీమీటరు బెరడు ముక్కలు 2 పాళ్లు, కోకోపీట్ 1, పెర్లైట్ 1, వర్మీకంపోస్ట్ అర పాలు. సహజంగా ఇది చెట్ల మీద, ఆకుల చెత్తలో పెరిగే జాతి, మెత్తటి మట్టిలో దాని లావు వేళ్లకు ఊపిరాడదు. క్రిస్మస్ కాక్టస్ కూడా పేరుకు కాక్టసే గానీ అడవిలో చెట్టు కొమ్మల మీద బతికేదే, అందుకే దానికి ఎడారి కాక్టస్ మట్టి కాకుండా కోకోపీట్ 2, పెర్లైట్ 1, బెరడు 1 సరిపోతాయి.

ఆఫ్రికన్ వయొలెట్‌కు కోకోపీట్, పెర్లైట్, వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజం) సమపాళ్లలో.

కలంచో, అడీనియం, యుఫోర్బియాలకు సగానికి సగం పెర్లైటో, ప్యూమిసో (గుల్లగా ఉండే అగ్నిపర్వత రాయి), ముతక ఇసుకో ఉండాలి. ఇసుక రేణువులు 2 నుంచి 4 మిల్లీమీటర్లుండాలి. సన్న ఇసుక వేస్తే ఉన్న ఖాళీలు కూడా పూడుకుపోతాయి.

కలిపిన మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో నొక్కండి. రెండు మూడు చుక్కలు మాత్రమే కారాలి. పిడికిలి తెరిచి చేతివేలితో పొడిస్తే విడిపోవాలి. ముద్దగానే ఉండిపోతే పెర్లైట్ పెంచండి. పెర్లైట్ సంచి విప్పగానే కాస్త నీళ్లు చల్లండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోకోపీట్‌ను కడగాలా?

కడగాలి. సరిగా కడగని కోకోపీట్‌లో సోడియం, పొటాషియం ఉప్పులు ఎక్కువగా ఉంటాయి, ఆకుల కొసలు మాడడానికి అదొక కారణం. 650 గ్రాముల ఇటుకను 4 లీటర్ల నీళ్లలో అరగంట నానబెడితే ఉబ్బి 8, 9 లీటర్లవుతుంది. గుడ్డలో వేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండాలి. నీటి రంగు ముదురు గోధుమ నుంచి పలుచని టీ రంగుకు వచ్చేదాకా, సాధారణంగా రెండు మూడు సార్లు. కోకోపీట్‌లో పోషకాలు దాదాపు ఉండవు కాబట్టి అదొక్కటే వేసి వదిలేయకండి.

మట్టి కుండీనా, ప్లాస్టిక్‌దా?

నీళ్లు ఎక్కువ పోసే అలవాటు ఉంటే మట్టి కుండీ. దాని గోడలోంచి కూడా తేమ ఆరిపోతుంది. రోజూ చూసే తీరిక లేకపోతే ప్లాస్టిక్. కొత్త మట్టి కుండీని వాడే ముందు ఒక గంట నీళ్లలో ముంచండి, లేకపోతే అది మిశ్రమంలోని తడిని పీల్చేస్తుంది. పాత కుండీని రుద్ది కడిగి, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి అందులో 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. తెల్లటి ఉప్పు మరకలకు వెనిగర్ పనిచేస్తుంది, కానీ బ్లీచ్‌తో కలిపి ఎప్పుడూ వాడకండి, విషవాయువు వస్తుంది.

అసలు పని వరుసగా ఎలా చేయాలి?

1. ముందు రోజు నీళ్లు పోయండి. నీరు నిండిన ఆకులు దెబ్బను తట్టుకుంటాయి, మట్టిముద్ద కూడా విరగదు. అడీనియం, కలంచో, యుఫోర్బియాలకు మాత్రం రెండు మూడు రోజుల ముందు నుంచే నీళ్లు ఆపాలి.
2. కొత్త మిశ్రమాన్ని ముందే తడిపి ఉంచండి. పొడి కోకోపీట్ మొదట్లో నీటిని సరిగా పీల్చుకోదు. పై మూడు మొక్కలకు పొడి మిశ్రమమే వాడాలి.
3. కత్తెరను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.
4. కుండీని పక్కకు వంచి మొక్కను బయటికి తీయండి. కాండం పట్టుకుని లాగకండి. రాకపోతే గోడ వెంట పలుచని కత్తి తిప్పండి, ప్లాస్టిక్‌దైతే చుట్టూ నొక్కండి. అయినా రాకపోతే కుండీని కోసేయండి, మొక్క కంటే అది ముఖ్యం కాదు.
5. కొత్త కుండీ అడుగున మిశ్రమం వేసి, దాని మీద ముద్దను పెట్టి ఎత్తు చూడండి. ముద్ద పైభాగం కుండీ అంచుకు 2 నుంచి 3 సెం.మీ. కిందుండాలి. ఆ ఖాళీ నీళ్లు నిలవడానికి.
6. చుట్టూ మిశ్రమం నింపుతూ కుండీని నేలకు రెండు మూడు సార్లు మెల్లగా కొట్టండి. సన్నటి పుల్లతో పక్కల్లో పొడిస్తే పెద్ద బొరియలు మూసుకుంటాయి. బొటనవేళ్లతో గట్టిగా అదమకండి. అంత కష్టపడి కలిపిన గాలి అక్కడే పోతుంది.
7. అడుగు నుంచి కారేదాకా నెమ్మదిగా నీళ్లు పోయండి. అడీనియం, కలంచో, యుఫోర్బియా, క్రిస్మస్ కాక్టస్‌లకు మాత్రం ఇప్పుడే పోయకండి, 5 నుంచి 7 రోజులు ఆగాలి. అరగంట తర్వాత కింది పళ్లెంలోని నీళ్లు పారబోయండి.

చుట్టుకున్న వేళ్లను విడదీయాలా, కత్తిరించాలా?

అలాగే దించేస్తే అవి చుట్టుకుంటూనే పెరుగుతాయి, కొత్త మట్టిలోకి రావు. ఇంకో చిక్కు కూడా ఉంది: పోసిన నీరు వదులుగా ఉన్న కొత్త మట్టిలోంచి జారిపోతుంది, లోపలి బిగుతైన పాత ముద్ద ఎండిపోయే ఉంటుంది. "రోజూ నీళ్లు పోస్తున్నా వాడిపోతోంది" అనేవారిలో చాలామంది సమస్య ఇదే.

అందుకని ముద్ద అడుగును, పక్కలను చేతివేళ్లతో వదులు చేయండి. చేతికి లొంగకపోతే పక్కల నాలుగు చోట్ల పై నుంచి కిందికి ఒక సెంటీమీటరు లోతున కోయండి. అడుగున చాపలా అల్లుకున్న పొరను తీసేయవచ్చు. ఆరోగ్యంగా ఉన్న మొక్కకైతే మొత్తం వేళ్లలో నాలుగో వంతు దాకా పోయినా తట్టుకుంటుంది. సన్న వేళ్లున్న ఆఫ్రికన్ వయొలెట్, బిగోనియాలను ఇంత గట్టిగా కదపకండి. పాత మట్టిని నీళ్లతో పూర్తిగా కడిగేయాల్సింది కుళ్లు ఉన్నప్పుడు మాత్రమే.

కుళ్లిన వేళ్లు కనిపిస్తే?

మంచి వేరు తెల్లగానో, లేత గోధుమ రంగులోనో ఉండి నొక్కితే గట్టిగా ఉంటుంది. కుళ్లినది మెత్తగా ముదురు రంగులో ఉండి, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగులుతుంది. రంగును ఒక్కదాన్నే నమ్మకండి, కొన్ని మొక్కల వేళ్లకు సహజంగానే ముదురు రంగు ఉంటుంది. మెత్తదనం, వాసనలే అసలు గుర్తులు.

కుళ్లిందంతా మంచి భాగం కనిపించేదాకా కత్తిరించండి, ప్రతి కోతకూ కత్తెర తుడుస్తూ. పాత మట్టిని వాడకండి. మిగిలిన వేళ్లకు సరిపోయే కుండీ ఎంచుకోండి, చాలాసార్లు అది పాతదానికంటే చిన్నదే అవుతుంది. పూలు, మొగ్గలు, ముదురు ఆకులు కొన్ని తీసేయండి. సగం వేళ్లు పోతే అన్ని ఆకులకూ నీరందించడం వాటి వల్ల కాదు.

ఎంత లోతులో నాటాలి?

సాధారణంగా ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే. కాండం మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది, పీస్ లిల్లీకి ఇది మరీ త్వరగా జరుగుతుంది.

మినహాయింపులు కొన్ని. ఆఫ్రికన్ వయొలెట్ కింది ఆకులు రాలి మెడ బయటపడితే, ఆ మెడను మెల్లగా గీకి, ముద్ద అడుగున అంతే పొడవు కోసేసి, మెడ మునిగేలా అదే కుండీలో దించాలి. ఒకటి రెండు వారాలు పారదర్శక సంచి కప్పితే మెడ నుంచి కొత్త వేళ్లు వస్తాయి. ఆంథూరియం కాండం మీద గాలిలో వేలాడే వేళ్లుంటే వాటిని కూడా మిశ్రమంలోకి దించవచ్చు. అమరిల్లిస్ దుంప మూడో వంతు నుంచి సగం దాకా బయటే ఉండాలి, దుంపకూ కుండీ గోడకూ మధ్య 2.5 నుంచి 5 సెం.మీ. చాలు. సైక్లమెన్ దుంప పైభాగం కూడా మట్టిపైనే ఉండాలి.

ఆర్కిడ్‌కు కూడా ఇదే పద్ధతా?

ఫలెనాప్సిస్ ఆర్కిడ్ వేళ్ల మీద వెలామెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది. మట్టిలో పెడితే ఆ పొర కుళ్లుతుంది. 1 నుంచి 2 సెం.మీ. బెరడు ముక్కలు వాడండి, ముందు రోజు రాత్రే నానబెట్టండి.

పూత అయ్యాక, కొత్త వేరు కొనలు పచ్చగా కనిపిస్తున్నప్పుడు మార్చాలి. పది నిమిషాలు నీళ్లలో ఉంచితే వేళ్లు వంగుతాయి, లేకపోతే పుటుక్కున విరుగుతాయి. కుండీల్లో అమ్మే వాటిలో మొక్క నడుమ, వేళ్ల గూట్లో, నాచు ముద్ద ఒకటి దాగి ఉండడం మామూలే. చుట్టూ ఆరినా అది తడిగానే ఉండి లోపలి నుంచి కుళ్లు మొదలుపెడుతుంది, దాన్ని వెతికి తీసేయండి. అన్నిటికంటే కింది ఆకు మొదలు బెరడు పైమట్టానికి ఉండాలి. బయటికి పోయే వేళ్లను బలవంతంగా లోపలికి తొయ్యకండి. వేళ్లు కత్తిరించి ఉంటే మూడు నాలుగు రోజులు ఆగి నీళ్లు పోయండి. దాల్చినచెక్క పొడి తేమను పీల్చి ఆరోగ్యకరమైన వేళ్లను కూడా ఎండబెడుతుంది, కాబట్టి వేళ్ల మీద చల్లకండి.

ఇరుకుగా ఉంటేనే పూలు పూస్తాయంటారు, నిజమేనా?

కొన్నింటికి కొంతవరకు నిజం. క్లైవియా, హోయా, క్రిస్మస్ కాక్టస్, పీస్ లిల్లీ కాస్త ఇరుకులో బాగా పూస్తాయి. విశాలమైన కుండీలో మొక్క ముందు వేళ్లను, ఆకులను పెంచుకుంటుంది. అలాగని మట్టి మిగలనంత ఇరుకు ఏ మొక్కకూ మేలు చేయదు. వీటికి కుండీ ఒక అంగుళమే పెంచండి, లేదా పిలకలు విడదీసి అదే కుండీలో నాటండి. హోయా పూత అయ్యాక మిగిలే చిన్న కాడను కత్తిరించకండి, మళ్లీ పూలు దాని మీదే వస్తాయి.

మార్చాక నీళ్లు, వెలుతురు, ఎరువు సంగతేమిటి?

7 నుంచి 10 రోజులు నేరుగా ఎండ తగలని, కానీ వెలుతురు బాగా ఉన్న చోట ఉంచండి. చీకటి గదిలో పెడితే మొక్కకు తేరుకునే శక్తి రాదు. మొదటి తడి తర్వాత పై 2, 3 సెం.మీ. ఆరేదాకా మళ్లీ నీళ్లు పోయకండి. అడీనియం, కలంచో, యుఫోర్బియా, క్రిస్మస్ కాక్టస్‌లకు మొదటి తడి కూడా 5 నుంచి 7 రోజులు ఆగాకే, తెగిన చోట్లు ఎండాలి.

ఎరువు 4 నుంచి 6 వారాలు వద్దు. మిశ్రమంలో వర్మీకంపోస్ట్ ఉంటే ఇంకో రెండు వారాలు ఆగినా నష్టం లేదు. కొత్త వేరు కొనలు చాలా లేతవి, ఎరువులోని లవణాలు వాటిలోంచి నీటిని బయటికి లాగి మాడ్చేస్తాయి. మొదలుపెట్టేటప్పుడు ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో సగమే వేయండి.

ఆకులు వాలిపోయాయి. నీళ్లు పోయాలా?

ముందు పుల్ల గుచ్చి చూడండి. నీటిని పీల్చేవి వేళ్ల మీది అతి సన్నని నూగు. కదిపినప్పుడు అది చాలావరకు తెగిపోతుంది, అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకులు దాహంతో వాలతాయి. పుల్లకు తడి మట్టి అంటుకుంటే నీళ్లు పోయకండి. పూలు తుంచి, వారం రోజులు పలుచని ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పితే ఆకుల నుంచి నీరు పోవడం తగ్గుతుంది. చాలా మొక్కలు వారం రెండు వారాల్లో నిలదొక్కుకుంటాయి. ఒకటి రెండు కింది ఆకులు పసుపు రంగుకు తిరగడం మామూలే.

పుల్ల పొడిగా వస్తే, లేదా కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటే, లోపలి పాత ముద్ద ఎండిపోయినట్లు. కుండీని బకెట్ నీళ్లలో అంచుకు కాస్త కింది దాకా 20, 30 నిమిషాలు ఉంచి తీయండి. రెండు వారాలు దాటినా తేరుకోక వాసన కూడా వస్తుంటే బయటికి తీసి వేళ్లు చూడక తప్పదు.

కుండీ మార్చినప్పటి నుంచి పూయడం లేదు. ఎందుకు?

కొన్ని నెలలు ఆగడం సహజం, మొక్క వేళ్ల పనిలో ఉంటుంది. అంతకు మించితే వెలుతురు చూడండి, మార్చాక నీడలో పెట్టి అక్కడే మరచిపోవడం తరచుగా జరుగుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకులు నిగనిగలాడతాయి గానీ మొగ్గ రాదు. కలంచో, క్రిస్మస్ కాక్టస్ మొగ్గ వేయాలంటే రోజుకు 14 గంటల చొప్పున, దాదాపు 6 వారాలు, తెగని చీకటి కావాలి. రాత్రి గదిలో దీపం వెలిగితే ఆ లెక్క తప్పుతుంది.

కొత్తగా కొన్న మొక్కకు వెంటనే మార్చాలా?

రెండు వారాలు ఆగండి. కొత్త వెలుతురుకు, గాలికి అలవాటు పడుతుండగానే వేళ్లను కూడా కదపడం రెండు దెబ్బలు ఒకేసారి వేయడమే. మార్చేటప్పుడు కాండం మొదట్లో వలలాంటి చిన్న గుడ్డ తొడుగు ఉందేమో చూడండి. లేత మొక్కగా పెంచినప్పటిది అది. వేళ్లు దాన్ని దాటి పోకపోతే జాగ్రత్తగా కత్తిరించి తీయండి.

మార్చాక చిన్న నల్ల ఈగలు వచ్చాయి.

ఫంగస్ నాట్స్ అనే ఈగలివి, తడి కంపోస్ట్‌లో గుడ్లు పెడతాయి. పై 3 నుంచి 5 సెం.మీ. ఆరనిస్తే పిల్ల పురుగులు చస్తాయి. పెద్దవాటికి పసుపు జిగురు అట్టలు పెట్టండి. ఉధృతంగా ఉంటే బీటీఐ (ఈ పిల్ల పురుగులను చంపే బాక్టీరియా మందు) కలిపిన నీళ్లు మట్టికి పోయాలి, మామూలు బీటీ కాదు, ఇది వేరే రకం.

చేతులకు, పెంపుడు జంతువులకు ప్రమాదం ఉందా?

యుఫోర్బియా పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే ప్రమాదం. అడీనియం రసం విషం. పీస్ లిల్లీ, ఆంథూరియంలలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటిని, చర్మాన్ని గుచ్చుతాయి. చేతి తొడుగులు వేసుకోండి, తెగిన ముక్కలను పిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందకుండా వెంటనే పారేయండి.

కుండీ చాలా పెద్దది, ఎత్తలేం. ఏం చేయాలి?

14 అంగుళాలు దాటిన కుండీకి పైమట్టి మార్చితే సరిపోతుంది. వసంతంలో పై 5 సెం.మీ. మట్టిని చిన్న పారతో తీసి, ఉపరితలం దగ్గర ఉన్న లావు వేళ్లు తెగకుండా చూసి, కొత్త మిశ్రమం నింపండి. ఇలా రెండు మూడేళ్లు గడపవచ్చు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి మొక్కను పక్కకు పడుకోబెట్టి బయటికి లాగి, ముద్ద చుట్టూ 2 సెం.మీ., అడుగున 4, 5 సెం.మీ. మందం రంపంతో కోసి, అదే కుండీలో కొత్త మిశ్రమంతో తిరిగి పెట్టాలి. మందార లాంటి కొమ్మలున్న మొక్కైతే అదే రోజు కొమ్మలను కూడా నాలుగో వంతు మేర తగ్గించండి. మందార పూసేది కొత్త చిగుళ్ల మీదే కాబట్టి పూత కొన్ని వారాలు ఆలస్యమవుతుంది.